పందిటిలో ఎవరెవరికి చోటు? – వివాహదినమును గూర్చి యొక పాఠము

వివాహమనునది ఇరువురు వ్యక్తులు పరస్పరము చేసికొను ప్రతిజ్ఞ యని మనమందరమును చెప్పుదుము. కాని మన దర్శి ప్రాంతమున ఏ పెండ్లిపందిటిలోనికైనను పోయి చెవియొగ్గి వినుడు. పురోహితుని కంఠము వినబడును, సన్నాయి వినబడును, ఫొటోలు తీయువారి యాజ్ఞలు అన్నిటికంటె బిగ్గరగా వినబడును. వధూవరుల మాట మాత్రము వినబడదు. పురోహితుడు చెప్పినట్లు వరుడు నాలుగు మాటలు పలికినను, దేనికి ఒప్పుకొంటివని మరునాడు అడిగిన చెప్పగలవారు అరుదు. వధువునకు పెక్కుచోట్ల ఆ నాలుగు మాటలైనను దక్కవు.

పందిటి అంచులను గూడ ఒక్కమారు చూడుడు. పెండ్లికూతురి తల్లి వితంతువైనచో తలుపు చాటున నిలిచియుండును. ఆమె పెంచిన బిడ్డను పినతండ్రి దంపతులు పీటలమీద గూర్చుండి ధారపోయుదురు. డప్పు వాయించువారు చెట్టుక్రింద నుందురు. కాయకోతకు వచ్చు కూలిస్త్రీలు, ఎవరి చేతుల కష్టమువలన ఆ పెండ్లికి ధనము చేకూరెనో వారు, కడపటి బంతికొరకు కాచియుందురు. వీరెవ్వరిని ఎవ్వరును పొమ్మనలేదు. వీరికి చోటెక్కడ అని ఎవ్వరును ముందుగా ఆలోచింపలేదు, అంతియే.

ఇటీవల యువజనులు "మా పెండ్లి మా యిష్టప్రకారము జరుగవలెను" అని కోరుచున్నారు. ఈ కోరిక మంచిదే. కాని వారిలో పలువురు వేదికకు క్రొత్త రంగులు పూయించుటయే తమ యిష్టమని భ్రమపడుచున్నారు. బంతిపూల తోరణమునకు బదులు గులాబీల తోరణము గట్టినంత మాత్రమున పెండ్లి ఎవరికిని సొంతము కాదు. వధూవరులు తెలిసి పలికిన మాటవలన అది వారిదగును. వచ్చినవారందరికిని గౌరవమైన చోటు దొరికినప్పుడు అది ఊరిదగును. ఈ రెంటికిని మన శాసనము విశాలమైన యవకాశ మిచ్చుచున్నది. అయితే కొన్నిచోట్ల గట్టి కట్టును విధించుచున్నది. ఆ కట్టు తెలియక స్వేచ్ఛను వాడుకొన్నవారు పిదప కోర్టులలో చిక్కుపడుదురు గనుక, న్యాయవాదవృత్తిలో నున్న మేము ఆ సంగతిని గూడ ఇచట వివరింపవలసియున్నది.

మన తెలుగుదేశమున ఈ విచారము నేటిది కాదు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు మొదటి వితంతువివాహమును జరిపించినప్పుడు, కాకినాడ వర్తకులగు పైడా రామకృష్ణయ్యగారు ద్రవ్యసహాయము చేసిరి. కాని ద్రవ్యముతో తీరని చిక్కు వేరొకటి వచ్చెను. వెలికి వెరచి వంటవారును నీళ్లు మోయువారును రాక మానిరి. అప్పుడు వీరేశలింగముగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీరు మోసి తెచ్చి వంట సాగించిరి. ఒక పెండ్లి నిలుచుటకు ఎందరి చేతులు ఆధారమో ఆనాడు వెలియే నేర్పినది. వెలి లేని మన పెండ్లిండ్లలో ఆ చేతులు మన కంటికి ఆనవు.

అంతకు తొమ్మిదేండ్లకు ముందు బ్రాహ్మవివాహముల కొరకు 1872వ సంవత్సరపు 3వ చట్టము పుట్టెను. దానిక్రింద పెండ్లాడువారు తాము హిందూ, క్రైస్తవ, మహమ్మదీయాది మతములలో దేనిని అవలంబించువారము కామని ప్రకటింపవలసి యుండెను. తమ మాటలతో పెండ్లాడు హక్కుకు, పుట్టిన మతమును కాదనుట వెల! 1923లో జరిగిన సవరణవలన హిందువులు, బౌద్ధులు, సిక్కులు, జైనులు తమలో తాము ఈ ప్రకటన లేకయే వివాహమాడ గలిగిరి. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టము ఆ వెలను అందరికిని పూర్తిగా తీసివేసినది. ఆ మొదటి చట్టమునకై పోరాడిన కేశవచంద్రసేనులే 1878లో తమ కుమార్తెకు చట్టము విధించిన పదునాలుగేండ్లు నిండకమునుపే కూచ్‌బిహారు రాజుతో పెండ్లి చేసిరి. ఆ సంవత్సరమే సమాజము చీలి సాధారణ బ్రాహ్మసమాజము వెలసినది. నియమములు వ్రాయుట సులువు, ఇంటి పందిటిలో పాటించుట కష్టము అని మనవారే చాటిరి గనుక, ఇతరులను ఆక్షేపించునప్పుడు మనము కొంచెము తగ్గి మాటలాడుట మంచిది.

మన గుంటూరు మైదానమునకు వత్తము. తెనాలిలో నివసించిన త్రిపురనేని రామస్వామి చౌదరిగారు (1887–1943) డబ్లిను నగరమున న్యాయశాస్త్రము చదివి వచ్చిన బారిష్టరు. ఆయన "వివాహవిధి" యను గ్రంథమును రచించి, పెండ్లితంతును తెలుగులో నడుపు పద్ధతి నేర్పరచి, తామే పౌరోహిత్యము వహించి పలు వివాహములు జరిపించిరి. అర్థమగు భాషలో ప్రమాణము చేయుట వినువారికి వింతగా తోచినను, పెద్దలు కూర్చుండి విన్నారు, పెండ్లిండ్లు నిలిచినవి. ఆయన మతవిమర్శను అంగీకరింపనివారు గూడ ఈ యొక్క పనిని మెచ్చుకొనవచ్చును.

మరియొక యుదాహరణము. నాస్తికులగు గోపరాజు రామచంద్రరావుగారు, అనగా గోరాగారు, తమ కుమార్తె మనోరమను హరిజనుడగు అర్జునరావుగారికిచ్చి వివాహము చేయదలచిరి. దానిని సేవాగ్రామమున జరిపించుటకు గాంధీమహాత్ముడు అంగీకరించెను. దేవుని పేరును నమ్మనివారిచేత దేవునిపేర ప్రమాణము చేయింపక సత్యముపేర చేయింతమని ఒప్పుకొనెను. 1948 జనవరి 30న ఆయన హతుడయ్యెను. పెండ్లి ఆ మార్చి నెలలో ఆశ్రమముననే జరిగెను. ఈశ్వరుని నమ్మినవాడు నమ్మనివానికొరకు మంత్రమును మార్చుటకు సిద్ధపడుటకంటె పెద్ద యాతిథ్యము మాకు కనబడదు. 1960లో గోరాగారి కుమారుడు లవణముగారు, గుర్రము జాషువా మహాకవి కుమార్తె హేమలతగారిని పెండ్లాడిరి. జాషువాగారు మన దర్శికి ఉత్తరముననున్న వినుకొండలో పుట్టినవారు. కావున ఇట్టి వివాహము ఏ దూరదేశమునకో చెందిన వింత యని మనవారు చెప్పుటకు వీలులేదు.

ఇక శాసనము. 1955 నాటి హిందూ వివాహ చట్టము 7వ సెక్షను ప్రకారము వివాహము వధూవరులలో ఏ యొకరి యాచారకర్మలతోనైనను జరుగవచ్చును. ఆ యాచారములో సప్తపది యున్నచో ఏడవ యడుగుతో వివాహము పూర్తియగును. కులము వేరైనను ఈ చట్టము అడ్డు చెప్పదు. కర్మలు సంస్కృతమున జరుగవలెనని గాని, పురోహితుడు ఫలానా కులమువాడై యుండవలెనని గాని అందు లేదు. అయితే కర్మలనే పూర్తిగా విడిచి, దండలు మార్చుకొని, రిజిష్టరులో సంతకము చేసి, హిందూ వివాహమైనదని తలచుట ప్రమాదము. తమిళనాడు 1967లో 7-ఏ సెక్షనును చేర్చుకొని ఆత్మగౌరవ వివాహములకు బలము చేకూర్చుకొన్నది; మన రాష్ట్రమున అట్టి సెక్షను లేదు. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, కర్మలు జరుగని హిందూ వివాహమునకు రిజిష్టరు సర్టిఫికెట్టు మాత్రమే ప్రాణము పోయజాలదని స్పష్టముగా చెప్పినది.

దీనివలన నష్టమెవరికి? 1965లో మహారాష్ట్రమునుండి వచ్చిన యొక వ్యాజ్యమున, భార్య జీవించియుండగా రెండవ పెండ్లి చేసికొన్న పురుషుడు, ఆ రెండవ పెండ్లిలో ఆవశ్యకకర్మలు జరిగినట్లు రుజువు కాలేదు గనుక శిక్ష తప్పించుకొనెను. అచట లాభపడినది వంచకుడు. తారుమారైన పరిస్థితిలో, సద్బుద్ధితో క్రొత్తపద్ధతిని పెండ్లాడిన స్త్రీ భర్త మరణానంతరము పింఛనుకో పొలమునకో వచ్చి నిలిచినప్పుడు, మరదులు ఇదే వాదమును ఎత్తుదురు. పెండ్లినాడు అందరును చప్పట్లు కొట్టిన నవ్యత, ఇరువదియేండ్ల పిదప ఆమె మెడకు చుట్టుకొనును.

కనుక మేము చెప్పు త్రోవలు రెండే. మొదటిది: మీ యాచారములోని మూలకర్మను, సప్తపదియైనను మీ కులాచారమున దాని స్థానమున నున్న కర్మయైనను, ఉంచుకొనుడు, మిగిలిన గంటలను మీ యిష్టప్రకారము దిద్దుకొనుడు. జీలకఱ్ఱ బెల్లము పెట్టునప్పుడు మనవారికి ప్రాణములు లేచివచ్చును. అది తీసివేయుట వలన కలుగు లాభమేమియు లేదు. ప్రతి యడుగునకును తెలుగులో అర్థము చెప్పించి, ఇరువురును ఆ మాటను తామే పలుకవలెను. ఏడడుగులకు ఏడు మాటలను వారే కూర్చుకొనుట ఇంకను మేలు.

రెండవది: 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టము. మతము వేరైనవారికి ఇది తిన్నని త్రోవ. ఒకే మతమువారికి గూడ తెరచియే యున్నది. ఈ చట్టపు 12వ సెక్షనును చదివినప్పుడెల్ల మాకు సంతోషము గలుగును. ఏ రూపమున నైనను పెండ్లి చేసికొండని చెప్పి, ఒక్క నియమమును మాత్రము విధించినది: వివాహాధికారియు ముగ్గురు సాక్షులును వినుచుండగా, నేను నిన్ను శాసనసమ్మతమైన భార్యగా, భర్తగా స్వీకరించుచున్నానను మాటను వారిరువురును తమకు తెలిసిన భాషలో ఒకరితో నొకరు పలుకవలెను. పలుకనిదే వివాహము పూర్తికాదు. మన పందిళ్లలో కొరతవడిన యొక్క వస్తువునే శాసనము తప్పనిసరి చేసినది! అధికారి కచేరిలోనే జరుగవలెనను నిర్బంధము గూడ లేదు. తగు దూరమున నున్న మరియొక స్థలమునకు, నిర్ణీతమైన అదనపు రుసుము చెల్లించి, ఆయనను రప్పించుకొనవచ్చును. ఇంటి ముంగిట వేపచెట్టు నీడకే రప్పించుకొనుడు.

దీనికి తొందర పనికిరాదు. ఇరువురిలో నొకరు కనీసము ముప్పదిదినములు నివసించిన జిల్లాలో నోటీసు ఇయ్యవలెను. అటుపై ఆక్షేపణలకు ముప్పది దినములు గడువు. నోటీసిచ్చిన మూడు నెలలలోపల వివాహము జరుగనిచో మరల మొదటినుండి నోటీసు. వయస్సు వరునకు 21, వధువునకు 18. నోటీసు బహిరంగముగా అంటింపబడును గనుక, పెద్దల పగకు వెరచు కులాంతర జంటలు మొదట న్యాయవాదిని చూచుట మేలు. ఇట్టివారికి రక్షణ నిచ్చుట జిల్లా పోలీసుల విధియని సుప్రీంకోర్టు 2018లో శాసించియున్నది. వధూవరులిరువురును హిందువులైనచో ఈ చట్టమున పెండ్లాడినను ఉమ్మడి కుటుంబహక్కులలో మార్పు రాదు. 1976 నాటి సవరణ ఆ భయమును తీర్చినది. ఒకరు అన్యమతస్థులైనచో హిందువైన వ్యక్తి ఉమ్మడి కుటుంబమునుండి విడిపోయినట్లే. వారసత్వము 1925 నాటి భారత వారసత్వ చట్టమును అనుసరించును. ఇది కీడు కాదు, కాని ముందుగా తెలిసియుండవలసిన సంగతి. వరుడో వధువో ట్రాన్స్‌జెండరు వ్యక్తియైనచో వారిని గూడ ఈ చర్చనుండి తొలగింపరాదు: 1955 చట్టములోని "వధువు" అను పదమున ట్రాన్స్‌జెండరు స్త్రీ చేరునని 2019లో మద్రాసు హైకోర్టు తీర్పు చెప్పినది. ఒకే లింగమువారి వివాహమును మాత్రము 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ప్రస్తుత చట్టముల క్రింద అంగీకరింపలేదు.

శాసనభాగ మింతటితో చాలును, పందిటిలోనికి పోవుదము.

వితంతువైన తల్లి సంగతి మాకు అన్నిటికంటె ముఖ్యముగా తోచుచున్నది. కన్యాదానము చేయుటకు దంపతులే కావలెనని మనవారు ఆమెను వెనుకకు నెట్టుదురు. శాసనములో ఈ నిర్బంధ మెక్కడను లేదు. కన్యాదానము హిందూ వివాహమునకు ఆవశ్యకకర్మయే కాదని 2024లో అలహాబాదు హైకోర్టు పలికినది. ఆవశ్యకమే కానిదానికి అర్హత లేదని తల్లిని త్రోసివేయుట యెంత వింత! బిడ్డ నొకరు దానమిచ్చుట యను భావమే రుచింపనివారు ఆ ఘట్టమును మార్చుకొనవచ్చును: ఇరువైపుల తల్లిదండ్రులును, లేక జీవించియున్న యొక్కరే యైనను, వధూవరుల చేతులను కలిపి, వారి వారి మాటలలో ఆశీర్వదింపవచ్చును. ఇందుకై ఆ తల్లిని ముందుగా సిద్ధపరుపవలెను. ఏండ్లతరబడి వెనుక నిలుచుటకు అలవాటుపడిన స్త్రీని పెండ్లినాడు హఠాత్తుగా ముందుకు లాగినచో ఆమె వడకిపోవును. ఏదైన కీడు జరిగిన తనవలననే యని జీవితాంతము కుములును. పెండ్లికి రెండు మూడు వారములకు ముందే కుమార్తె ఆమెచెంత కూర్చుండి, "అమ్మా, నీవు పీటమీద కూర్చుండనిదే నేను కూర్చుండను" అని నెమ్మదిగా చెప్పవలెను. పసుపు దంచునాడు మొదటి పోటు ఆమెచేత వేయించుట మంచి యారంభము. ఇంటిలోని ముత్తైదువలు అది చూచి ఏమియు కాలేదని తెలిసికొనిన పిదప పందిటిలో ఆక్షేపణ సగము తగ్గును. శుభలేఖలో ఆమె పేరు తండ్రిపేరు ప్రక్కన, అదే యక్షరములలో, అచ్చు వేయింపుడు. పేర్ల చివర కులసూచకములు మాత్రము అక్కరలేదు.

భోజనముల విషయము పైకి చిన్నదిగా కనబడును. కులములవారీగా బంతులు వేయుట బయటికి పోయినదని మనవారు చెప్పుకొందురు. కాని విందువేళ ఎవరు మొదట కూర్చుందురు, ఎవరు చివర అని చూచిన అది ఎచటికి పోయెనో తెలియును. మేము సూచించునది ఇది: మొదటి బంతిలో వధూవరుల పెద్దలతోపాటు, డప్పు సన్నాయి వాయించినవారు, పందిరి వేసినవారు, వరుస పొలములలో మిరపకాయ కోసిన స్త్రీలు కూర్చుండవలెను, ఇంటివారే వడ్డింపవలెను. "వారే మొగమాటపడి రారు" అని చెప్పుట తరచు వినబడు సాకు. పిలిచిన తీరును బట్టి వచ్చుట యుండును. శుభలేఖ పట్టుకొని వాకిటికి పోయి, బొట్టుపెట్టి పిలిచినవారు వత్తురు. పనికి రమ్మన్నప్పుడే "అక్కడే అన్నము తినిపొండి" అన్నవారు రారు.

మన దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతములకే చెందిన యొక సంగతి గలదు. ఇచ్చటి బావినీటిలోని ఫ్లోరైడువలన ఎముకలు బిగిసిన వృద్ధులు పెక్కురు గలరు. వారు నేలమీద చాపపై కూర్చుండలేరు, ఎత్తైన వేదిక నెక్కి అక్షతలు వేయలేరు. పెండ్లివేదికను నేలమట్టముగా కట్టించుటకు ఖర్చు తగ్గునే గాని పెరుగదు. మొదటి వరుసలో చేతులున్న కుర్చీలు వేయించి, అచటికే వధూవరులు నడచిపోయి ఆశీర్వాదము పొందవలెను. మంచినీరు శుద్ధిచేసిన దగునట్లు చూడవలెను. చెవిటివారున్నచో ప్రమాణవాక్యములను పెద్దయక్షరములతో పలకమీద వ్రాయింపుడు. అవి చదువుకొనుట వినగలవారికిని ఉపకారమే.

ముహూర్తము. అర్ధరాత్రి రెండుగంటలకు పెట్టిన ముహూర్తమునకు ఎవరు మేలుకొనియుందురు? దగ్గరి చుట్టములు, వారిలోను సగము కునికిపాట్లు. కాయకోత సాగుచున్న మాఘ ఫాల్గుణములలో తెల్లవారగనే పొలమునకు పోవలసినవారు రాజాలరు. వైశాఖమున మిట్టమధ్యాహ్నపు ఎండ ముసలివారికి ప్రమాదము. ప్రొద్దుననే ఎనిమిది తొమ్మిది గంటల వేళ, కోతలేని దినమున పెట్టుకొన్నచో అందరును వత్తురు. పంచాంగము చూచువారు గూడ పగటి లగ్నములు లేవని చెప్పరు. అడుగుటయే మనము మానితిమి.

వ్యయమునుగూర్చి ఒక్కమాట. ఒకప్పుడు మన పెండ్లిండ్ల ప్రతిష్ఠకు భోగముమేళము గుర్తు. రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు మొదలగువారు దానిపై పోరాడిరి, అది పోయినది. దాని స్థానమున నేడు డ్రోను కెమెరాలును, వేయిమందికి తినలేనంత వంటకములును నిలిచినవి. మిరపకాయకు మంచి ధర వచ్చునని లెక్కవేసి, ఆ నమ్మకముతో కమీషను వర్తకునివద్ద అప్పుచేసి పెండ్లి చేయు కుటుంబములు మన మైదానమున పెక్కు. 2025 ఆరంభమున గుంటూరు యార్డులో ధర పడిపోయినప్పుడు ఇట్టి లెక్కలు ఎట్లు తలక్రిందులైనవో చెప్పనక్కరలేదు. చేతనున్న ధనముతో ఎందరికి కడుపునిండ పెట్టగలమో అంతమందిని పిలుచుట, తక్కినది మానుట. కట్నము 1961 నుండి నేరము. ప్రేమతో నిచ్చు కానుకలకు గూడ 1985 నాటి నియమముల ప్రకారము జాబితా వ్రాసి సంతకములు చేయవలెను. ఈ జాబితాను వ్రాయువారిని మనవారు అనుమానపు మనుష్యులుగా చూతురు. పెండ్లినాడే, నలుగురు పెద్దల యెదుట, అక్షతలవలెనే అదియు ఒక తంతుగా జరుపుటవలన ఆ యనుమానము పోవును.

కడపట కాగితములు. ఆంధ్రప్రదేశమున 2002 నాటి చట్టముచేత ప్రతి వివాహమును రిజిష్టరు చేయించుట తప్పనిసరి. ఆచారపద్ధతిని పెండ్లాడినవారు శుభలేఖ నొకటి, మూలకర్మ జరుగుచుండగా తీసిన ఫొటోలు, ప్రమాణములు విన్న సాక్షుల పేర్లు చిరునామాలు ఒకచోట చేర్చి పదిలపరుపవలెను. ప్రత్యేక చట్టమున పెండ్లాడినవారికి సర్టిఫికెట్టే చాలును. దాని నకళ్లు రెండు తీయింపుడు. వానిలో నొకటి పెండ్లికూతురి పెట్టెలో, ఆమె చేతి తాళముక్రింద నుండవలెను.